నిద్ర కరవు, నిద్ర రోగము

అనంతపురం జిల్లాలో బోరుబావి క్రింద సేద్యము చేయు రైతునకు రాత్రి యంతయు తనది కాదు. 2004లో నాటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము వ్యవసాయమునకు ఉచిత విద్యుత్తు నిచ్చెను. అది రోజునకు కొన్ని గంటలే. అందులో కొంత పలుచోట్ల అర్ధరాత్రి దాటిన పిమ్మట వచ్చెడిది. కరెంటు రాగానే టార్చిలైటు పట్టుకొని, పురుగూ పుట్రా చూచుకొనుచు పోయి మోటారు వేయవలెను, మడవ తిప్పవలెను. అట్టి రైతు మరునాటి మధ్యాహ్నము చింతచెట్టు నీడను కునుకు తీసినచో అది రోగమా? కాదు, శరీరము తన బాకీ వసూలు చేసికొనుచున్నది. అట్టి ఊరిలోనే మరియొకడు ప్రొద్దు గ్రుంకగానే పండుకొని తెల్లవారువరకు లేవకపోవచ్చును. అతని గురక పొరుగింటికి వినబడును. అయినను పగలు ట్రాక్టరు నడపుచునే తూగును. లోకము ఇద్దరిని ‘నిద్రమొగము’ అనియే పిలుచును. ఈ ఇద్దరిని వేరుచేయుటకు వైద్యశాస్త్రమునకు చాలకాలము పట్టినది.

మన పూర్వులు నిద్రనుగూర్చి ఆలోచింపక పోలేదు. చరకసంహిత సూత్రస్థానములోని ఇరువదియొకటవ అధ్యాయము అతిస్థూలులను, అతికృశులను గూర్చి చెప్పి, పిమ్మట నిద్రను విచారించును. పగటినిద్ర సామాన్యముగా కూడదనియు, రాత్రులు కురుచయగు వేసవిలో తగుననియు, జాగరణముచే అలసినవారికి ఏ ఋతువునందైనను తగుననియు, స్థూలకాయులకు మాత్రము కూడదనియు అందు కలదు. నిద్ర చెడుటకు చెప్పిన హేతువులలో పని, కాలము, రోగము కూడ ఉన్నవి. రాత్రి కరెంటు రైతు పగటికునుకునకు ఇంతకంటె పెద్ద అనుమతి ఎవరివ్వవలెను! కథలలో మాత్రము నిద్ర వేరుదారి పట్టినది. ఊర్మిళ పదునాలుగేండ్ల నిద్ర స్త్రీల పాటలలో పుణ్యమైనది. కుంభకర్ణుని నిద్ర నవ్వులాటయైనది. గురక నేటికిని ఆ నవ్వులాట క్రిందనే జమ.

ఐరోపాలోను అంతే. 1836-37లో వెలువడిన డికెన్సు నవల ‘పిక్విక్ పేపర్స్’లో జో అను లావుపాటి కుర్రవాడు నిలుచున్నచోటనే నిద్రపోవును. పాఠకులు నూరేండ్లకు పైగా నవ్విరి. 1956లో అమెరికాలో బర్వెల్ మొదలగు వైద్యులు, అతిస్థూలుడై పగలు తూగు రోగి నొకనిని పరీక్షించి, ఆ నవల పేరే రోగమునకు పెట్టిరి. రక్తములో బొగ్గుపులుసు వాయువు హెచ్చుటయే కారణమని తలచిరి. తూగునకు మూలము రాత్రినిద్రలోనే యున్నదని అప్పటికి తేలలేదు.

తేల్చుటకు సాధనము మాత్రము సిద్ధముగనే యున్నది. జర్మనీలో హాన్స్ బెర్గర్ మనుష్యుని మెదడులోని విద్యుత్తరంగములను 1929లో ప్రకటించెను. 1953లో షికాగోలో అసెరిన్‌స్కీ, క్లైట్‌మన్ అనువారు కనుగ్రుడ్లు వేగముగా కదలు నిద్రాదశను వెల్లడించిరి. 1965లో ఫ్రాన్సున గాస్తో బృందము, జర్మనీలో యూంగ్, కూలో అనువారు వేర్వేరుగా, మెదడు తరంగములతోపాటు నిద్రితుని ఊపిరిని గూడ నమోదు చేసిరి. అంతట గుట్టు బయటపడినది. నిద్రలో గొంతు వెనుక కండరములు సడలి గాలిదారి మూసికొనిపోవును. గురక ఆగును. రక్తములో ప్రాణవాయువు తగ్గగా మెదడు ఉలికిపడి క్షణకాలము మేల్కొనును. పెద్దశబ్దముతో ఊపిరి మరల అందును. ముదిరిన రోగికి ఇది గంటకు ముప్పది సార్లకు పైగా జరుగును. తెల్లవారిన పిదప అతనికొక్కటియు జ్ఞాపకముండదు! ఎనిమిది గంటలు పండుకొన్నవాడు సరిగా నిద్రపోనే లేదన్నమాట. దీనినే నేడు స్లీప్ ఆప్నియా అందురు. రక్తపుపోటు, గుండెజబ్బు దీనిని అంటిపెట్టుకొని యుండును.

మొదట దీనికి మెడవద్ద గాలిగొట్టమునకు రంధ్రము చేయుటయే చికిత్స. 1981లో ఆస్ట్రేలియాలో సలివన్ అను వైద్యుడు ముక్కుకు తొడుగు బిగించి, చిన్న యంత్రముతో గాలిని ఒత్తిడిగా పంపి దారి మూసికొనకుండ చేసెను. అదియే సీపాప్ యంత్రము.

కాళ్ళలో ఏదో ప్రాకినట్లై, కదపనిదే తోచక నిద్రపట్టని వ్యాధి మరియొకటి. ఇంగ్లాండులో విల్లిస్ 1672లోనే దీనిని వర్ణించెను. 1945లో స్వీడనులో ఎక్‌బామ్ సమగ్రముగా వివరించెను. శరీరములో ఇనుము తక్కువైనవారికి ఇది తరచుగా వచ్చును. రక్తహీనత గల స్త్రీ రాత్రివేళ కాళ్ళు పీకుచున్నవన్నచో పనిచేసిన అలసట యని త్రోసివేయక రక్తపరీక్ష చేయించుట మేలు.

ఇక నిద్రయే రాకపోవుట. వానకు ఎదురుచూచు సంవత్సరములో ఒకటి రెండు రాత్రులు నిద్రపట్టకపోవుట వింత కాదు. వారమునకు మూడు రాత్రుల చొప్పున మూడు నెలలు సాగినచో వైద్యుని చూడవలెను. దుకాణములో నిద్రమాత్రలు కొనుట మంచిది కాదు: అవి అలవాటగును, స్లీప్ ఆప్నియా గలవారికి ఊపిరిని మరింత అణచవచ్చును. కోడికూతకు ముందే మెలకువ వచ్చి, దేనియందును మనసు నిలువక, బ్రతుకెందుకన్న తలంపు పుట్టినచో మూడు నెలలు కాదు, మూడు రోజులు కూడ ఆగరాదు. 2022లో ప్రారంభమైన ప్రభుత్వ టెలి-మానస్ సహాయకేంద్రమునకు 14416 సంఖ్యకు ఫోనుచేసి తెలుగులోనే మాటాడవచ్చును.

గురకపెట్టువాని సంగతి వేరు. తనకు జబ్బున్నదని అతడు నమ్మడు. వేసవిలో మిద్దెపై ఇంటిల్లిపాది వరుసగా పండుకొనునపుడు, ఊపిరి ఆగుటయు మరల అందుటయు వినునది ప్రక్కవారే. వైద్యునివద్దకు పోవునపుడు వారిని వెంటబెట్టుకొని పోవలెను. వైద్యుడు మొదట అడుగునది వారినే.