శానిటైజర్: మందా, మద్యమా, సరుకా?

2020 మార్చి 13న కేంద్ర ప్రభుత్వం శానిటైజర్‌ను నిత్యావసర సరుకుల జాబితాలో చేర్చింది. ఆ నెలలోనే 200 మిల్లీలీటర్ల సీసా ధర వంద రూపాయలు మించరాదని కట్టడి చేసింది. జులై వచ్చేసరికి అది నిత్యావసరం కాకుండా పోయింది. జులై మధ్యలో ఆర్థిక శాఖ అది కేవలం క్రిమిసంహారిణి అనీ, దానిపై 18 శాతం జీఎస్టీ సమంజసమే అనీ సెలవిచ్చింది. ఆ నెలాఖరున ప్రకాశం జిల్లా కురిచేడులో దాన్ని తాగి పది మందికి పైగా మరణించారు. ఇలా ఒకే ద్రవం నాలుగున్నర నెలల్లో ఇన్ని వేషాలు ఎందుకు వేసిందో తెలియాలంటే, ఈ దేశంలో ఆల్కహాల్‌కూ రాజ్యానికీ ఉన్న పాత బంధాన్ని పరిశీలించాలి.

చేతుల శుభ్రతకు శాస్త్రీయ చరిత్ర 1847లో వియన్నాలో మొదలైంది. ప్రసూతి వార్డులోకి వెళ్లే ముందు వైద్యులు క్లోరిన్ కలిపిన సున్నపు నీటితో చేతులు కడుక్కోవాలని ఇగ్నాజ్ సెమ్మెల్‌వైస్ నియమం పెట్టాడు. బాలింతల మరణాలు గణనీయంగా తగ్గినా, తోటి వైద్యలోకం ఆయన మాటను చాలాకాలం అంగీకరించలేదు. ఆసుపత్రుల్లో నీళ్లూ సబ్బూ పట్టుకుని ప్రతి రోగి మధ్యా ఆగే తీరిక ఉండదు గనుక, తరువాతి కాలంలో ఆల్కహాల్ ద్రావణం ఆ స్థానంలోకి వచ్చింది. జెనీవా వైద్యుడు డిడియెర్ పిట్టె ఈ పద్ధతికి ప్రపంచవ్యాప్త ప్రచారం కల్పించాడు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009 మార్గదర్శకాల్లో తయారీ సూత్రాన్ని అందరికీ అందుబాటులో ఉంచింది.

ఆ సూత్రంలో దాపరికమేమీ లేదు. పది లీటర్ల ద్రావణానికి 96 శాతం ఇథనాల్ 8,333 మిల్లీలీటర్లు, 3 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్ 417 మిల్లీలీటర్లు, 98 శాతం గ్లిజరిన్ 145 మిల్లీలీటర్లు తీసుకుని, మిగతా భాగం మరిగించి చల్లార్చిన నీటితో నింపాలి. క్రిములను చంపేది ఇథనాల్. పెరాక్సైడ్ పని చేతుల మీద కాదు, సీసాలో మిగిలిపోయిన మొండి క్రిమిబీజాల మీద. అందుకే నింపిన సీసాలను 72 గంటలు పక్కన పెట్టాకే వాడాలి. గ్లిజరిన్ చర్మం పొడిబారకుండా కాపాడుతుంది. ఇక నీటిని కల్తీ అనుకోకూడదు. క్రిమి శరీరంలోని మాంసకృత్తులను విరగ్గొట్టడానికి ఆల్కహాల్‌కు నీటి తోడు కావాలి. అందుకే నూరు శాతం స్పిరిట్ కంటే 60 నుంచి 80 శాతం ద్రావణమే మెరుగ్గా పనిచేస్తుంది.

ప్రయోగశాలలో ఇంత సరళంగా ఉన్న విషయం రాజ్యాంగంలోకి వచ్చేసరికి చిక్కుముడి అయింది. మత్తు పానీయాల మీద అధికారం రాష్ట్రాలది. పరిశ్రమల మీద, ఔషధాల మీద కేంద్రానికీ హక్కుంది. మరి చక్కెర మిల్లు మొలాసిస్ నుంచి వచ్చే ఒకే స్పిరిట్ ఎవరి పరిధిలోకి వస్తుంది? 1951లో బాంబే మద్యనిషేధ చట్టంపై బల్సారా కేసులో సుప్రీంకోర్టు తొలి గీత గీసింది. మద్యాన్ని నిషేధించవచ్చు గానీ, ఆల్కహాల్ ఉన్న మందుల, సౌందర్య సాధనాల వాడకాన్ని ఆ పేరుతో అడ్డుకోరాదన్నది. 1989లో ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం పారిశ్రామిక ఆల్కహాల్‌పై రాష్ట్రాలు పన్ను వేయజాలవని తేల్చింది. 2024 అక్టోబరులో తొమ్మిది మంది ధర్మాసనం 8–1 మెజారిటీతో ఆ తీర్పును తిరగరాసి, పారిశ్రామిక ఆల్కహాల్ కూడా రాష్ట్రాల పరిధిలోనిదేనంది. అయితే శానిటైజర్ వంటి తుది ఉత్పత్తిని మాత్రం మత్తు పానీయంగా లెక్కించలేమని పేరు పెట్టి మరీ చెప్పింది. మద్యం జీఎస్టీకి వెలుపల రాష్ట్రాల ఖజానాకు ఆయువుపట్టుగా ఉండగా, శానిటైజర్ జీఎస్టీ లోపల ఉంది. ఈ వివాదమంతా ఆరోగ్యం కోసం సాగిందనుకుంటే పొరపాటు. అందులో అధిక భాగం ఆదాయం కోసమే.

లాక్‌డౌన్‌లో ఈ బంధం మరింత బయటపడింది. డిస్టిలరీలు, చక్కెర మిల్లులు హడావిడిగా శానిటైజర్ తయారీకి దిగాయి. 2020 ఏప్రిల్ 20న కేంద్రం ఆహార సంస్థ వద్ద మిగులుగా ఉన్న బియ్యాన్ని ఇథనాల్‌గా మార్చి శానిటైజర్లకూ, పెట్రోలులో కలపడానికీ వాడవచ్చని నిర్ణయించింది. అప్పటికి వలస కూలీలు నెత్తిన మూటలతో రహదారుల వెంట నడుస్తున్నారు. 2018 జీవ ఇంధన విధానం మిగులు ధాన్యాన్ని అలా వాడుకోవడానికి వీలిచ్చిన మాట నిజమే. కానీ తిండి గింజ దొరకని మనిషి ఎదుట మిగులు అన్న మాటకు అర్థమేమిటన్న ప్రశ్నకు ఆ విధానపత్రంలో జవాబు లేదు.

కురిచేడు విషాదం ఈ కథకు చివరి అంచు. ఆ ఏడాది మే నెలలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం రెండు విడతలుగా మద్యం ధరలను 75 శాతం పెంచింది. కరోనా కట్టడి వల్ల ఆ ఊళ్లో మద్యం దుకాణాలు మూతపడ్డాయి. వ్యసనానికి బానిసలైనవారు అందుబాటులో ఉన్న సీసాను ఆశ్రయించారు. ధర పెంచి తాగుడు మాన్పిస్తామన్న విధానానికి తోడుగా వ్యసన విముక్తి వైద్యం ఊరిదాకా వెళ్లలేదు. జులై 27న కేంద్రం శానిటైజర్ అమ్మేవారికి ఔషధ లైసెన్సు అక్కర్లేదని మినహాయింపు ఇచ్చింది. కొరత తీర్చడానికి అది సబబే కావచ్చు. కానీ మందు అని పేరున్న వస్తువు మందుల దుకాణం దాటి కిరాణా కొట్టుకు చేరినప్పుడు నాణ్యత తనిఖీ కూడా దాని వెంట నడవాలి. మిథనాల్ కలిసిన శానిటైజర్ల గురించి అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఆ జూన్‌లోనే హెచ్చరించింది. మిథనాల్ కడుపులోకి పోతే చూపు పోతుంది, ప్రాణమూ పోతుంది.

ఇంతకీ ఈ ద్రవం ఎప్పుడు వాడాలి? చేతికి మట్టి, జిడ్డు, రక్తం అంటనప్పుడు, నీరు దగ్గర లేనప్పుడు. 60 శాతానికి తక్కువ కాని ఆల్కహాల్ ఉండాలి. చేతులు పూర్తిగా తడిసేలా పోసుకుని, ఆరేదాకా 20 నుంచి 30 సెకన్లు రుద్దాలి. మంట దగ్గరకు పోకూడదు, పిల్లలకు అందనివ్వకూడదు. మలవిసర్జన తరువాత, భోజనానికి ముందు సబ్బూ నీళ్లే మేలు. వాంతులు విరేచనాలు కలిగించే నోరో వైరస్ వంటివి ఆల్కహాల్‌కు అంత సులువుగా లొంగవు.

అసలు విషయం ఇక్కడే ఉంది. 2018లో జరిగిన జాతీయ నమూనా సర్వే 76వ విడత ప్రకారం, భోజనానికి ముందు సబ్బుతో చేతులు కడుక్కునే కుటుంబాలు దేశంలో 35.8 శాతమే. పల్లెల్లో అది పాతిక శాతం చుట్టూ ఉంది. ఇంటి ముంగిట కుళాయీ, దాని పక్కన సబ్బుబిళ్లా ఉన్న కుటుంబానికి శానిటైజర్ ప్రయాణంలో వాడుకునే తోడు మాత్రమే. అవి లేని కుటుంబానికి వంద రూపాయల సీసా ఎప్పటికీ పరిష్కారం కాదు. ఏడు దశాబ్దాలుగా స్పిరిట్ మీద పన్ను ఎవరిదని కొట్లాడుకున్న ప్రభుత్వాలు, కుళాయి బాధ్యత ఎవరిదన్న ప్రశ్న మీద ఆ పట్టుదలలో సగమైనా చూపి ఉంటే, మహమ్మారి నాడు ఈ సీసా కోసం ఇంత వెంపర్లాట ఉండేది కాదు.