ఊపిరి బిగబట్టి ఓడ దాకా

క్రీ.పూ. 480లో పారశీక చక్రవర్తి జెర్క్‌సీస్ గ్రీసు మీదికి దండెత్తి వచ్చినప్పుడు, పీలియన్ పర్వతం దిగువ తీరంలో పెనుతుపాను అతని ఓడలను అనేకం ముంచివేసింది. వాటిలోని ధనాన్ని సముద్రం అడుగునుంచి తీసి పారశీకులకు అప్పగించిన స్కిల్లియాస్ అనే గజ ఈతగాడి ప్రస్తావన హెరొడోటస్ చరిత్ర ఎనిమిదవ భాగంలో ఉంది. అందులో కొంత అతను తనకూ మిగుల్చుకున్నాడని ఆ చరిత్రకారుడు దాచకుండా చెప్పాడు. తరువాత స్కిల్లియాస్ గ్రీకుల పక్షానికి వెళ్ళిపోయాడు. అఫెటే నుంచి ఆర్టెమిసియం వరకు 80 స్టాడియాలు, అంటే సుమారు 14 కిలోమీటర్లు, ఒక్కసారైనా తల పైకెత్తకుండా నీటి అడుగునే ఈదాడని జనం చెప్పుకొన్నారు. హెరొడోటస్ ఆ మాట నమ్మలేదు. అతను పడవలో వచ్చి ఉంటాడని తన అభిప్రాయం రాశాడు. మనిషి ఊపిరికి ఒక హద్దు ఉన్నదన్న ఇంగితం ఆ అనుమానంలో కనిపిస్తుంది.

మునిగిన ఓడకూ, ఊపిరి బిగబట్టిన మనిషికీ మధ్య సంబంధం అంత పాతది. నేటి ఫ్రీడైవరు చేతిలో బ్యాటరీతో నడిచే స్కూటరు ఉంటుంది. దాని ముందుభాగంలో కెమెరా, దీపాలు ఉంటాయి. గాలి సిలిండరు మాత్రం ఉండదు. రెండున్నర వేల ఏళ్ళలో పరికరాలు మారాయి, ఊపిరితిత్తులు మారలేదు. అయితే ఈ చరిత్రలో పరికరాలకన్నా ఎక్కువగా గమనించవలసినది అలసట. ప్రతి కొత్త పరికరమూ అలసటను కొంత తగ్గించింది. కానీ ఈతగాణ్ణి సకాలంలో వెనక్కి మళ్ళించిన కాపలాదారులలో అలసట కూడా ఒకటి.

లోతుకు కట్టిన వెల

ఏడు, ఎనిమిది శతాబ్దాలలో బైజాంటియంలో క్రోడీకరించిన రోడియన్ సముద్ర న్యాయంలో ఒక ఆసక్తికరమైన నిబంధన ఉంది. ఎనిమిది బారల లోతునుంచి బంగారమో వెండో మరొకటో పైకి తెచ్చినవాడికి అందులో మూడో వంతు. పదిహేను బారల లోతునుంచి తెస్తే సగం. ఒడ్డుకు కొట్టుకువచ్చి మూరెడు నీటిలో దొరికినదైతే పదో వంతు. సగం ఇవ్వడానికి కారణం సముద్రంలో ఉన్న ప్రమాదమేనని ఆ న్యాయం స్పష్టంగా చెప్పింది. గ్రీకుల కొలత కూడా మన జాలరుల బార వంటిదే, చేతులు రెండూ బారజాపిన పొడవు. ఎనిమిది బారలంటే దాదాపు 15 మీటర్లు, పదిహేను బారలంటే 27 మీటర్లు. ప్రాణాపాయాన్ని కొలిచి వాటాగా రాసిన తొలి పత్రాలలో ఇది ఒకటి.

అంత లోతుకు దిగడానికి వారికున్న సాధనం రాయి. రాతిని పట్టుకొని దూకితే దాని బరువే మనిషిని అడుగుకు చేరుస్తుంది. కాళ్ళు ఆడించనక్కరలేదు కనుక దిగేటప్పుడు ఖర్చు కావలసిన ప్రాణవాయువు అడుగున పనికి మిగులుతుంది. నడుముకో రాతికో కట్టిన తాడును పడవలోనివారు లాగి పైకి తెస్తారు. గ్రీకు స్పంజి ఈతగాళ్ళు దీన్ని స్కండలోపెట్రా అన్నారు. యంత్రం లేని స్కూటరు ఇది.

దీనికి గ్రంథసాక్ష్యమే కాక పురావస్తు సాక్ష్యమూ ఉంది. ఫ్రాన్సు దక్షిణ తీరంలో మద్రాగ్ ద జియాఁ వద్ద క్రీ.పూ. మొదటి శతాబ్దపు రోమన్ సరకు ఓడ ఒకటి సుమారు 20 మీటర్ల లోతున దొరికింది. 1972 నుంచి 1982 వరకు అక్కడ తవ్వకాలు జరిగాయి. ద్రాక్షసారా నింపిన వేలాది మట్టి జాడీలు అందులో ఉండేవి. వాటిలో చాలా భాగం ఓడ మునిగిన కొద్దికాలానికే ఎవరో తీసుకుపోయారు. ఆ చోట, ఓడకు చెందని పెద్ద పెద్ద రాళ్ళు చెల్లాచెదురుగా కనిపించాయి. రోమన్లు ఉరినాటోరెస్ అని పిలిచిన వృత్తి ఈతగాళ్ళు పట్టుకొని దిగి, అడుగున వదిలేసిన రాళ్ళవి. ఒక్కో రాయి ఒక్కో ఊపిరికి గుర్తు.

ఊపిరి ఎవరిది?

రోడియన్ న్యాయం ఈతగాడికి వాటా ఇచ్చింది. ఆ తరువాతి కాలం అంత ధర్మంగా నడవలేదు. 1622 సెప్టెంబరులో ఫ్లోరిడా దీవుల దగ్గర తుపానులో స్పెయిన్ నిధి ఓడలు అతోచా, మార్గరీతా మునిగినప్పుడు, వెండిని వెలికితీసే పని ముత్యాల వేటలో ఆరితేరిన బానిసల మీద పడింది. 1626లో మార్గరీతా జాడ కనుగొన్నవాడు హువాన్ బాన్యోన్ అనే బానిస అనీ, అందుకు బహుమానంగా అతనికి స్వేచ్ఛ లభించిందనీ చరిత్రకారులు రాశారు. అతని చేత ఆ పని చేయించిన మెల్యాన్ రాగితో గంట ఆకారపు గది ఒకటి చేయించి నీటిలోకి దించాడు. అందులో చిక్కిన గాలిని ఈతగాళ్ళు మధ్యమధ్య పీల్చుకొనేవారు.

1641లో హిస్పానియోలా దీవికి ఉత్తరాన మునిగిన కన్సెప్సియోన్ నుంచి 1687లో విలియం ఫిప్స్ టన్నులకొద్దీ వెండిని లండన్‌కు తెచ్చాడు. అతనికి సర్ బిరుదు దక్కింది, తరువాత మసాచుసెట్స్ గవర్నరు పదవీ దక్కింది. ఆ వెండిని చేతులతో ఏరి తెచ్చిన అమెరికా ఆదివాసి ఈతగాళ్ళకు చరిత్రలో దక్కిన చోటు ఒకటి రెండు వాక్యాలే. లోతుకు వెల కట్టే పద్ధతి మారలేదు. ఆ వెల ముట్టేవారు మారారు.

కవచం ఇచ్చినది, తీసుకున్నది

పంతొమ్మిదో శతాబ్దంలో పైనుంచి గొట్టం ద్వారా గాలి అందించే లోహపు శిరస్త్రాణం వచ్చింది. ఇక ఊపిరికి హద్దు లేదనుకున్నారు. 1900లో సిమి దీవికి చెందిన స్పంజి ఈతగాళ్ళు ఆంటికితెరా దగ్గర పురాతన ఓడను చూసినది ఆ కవచంలోనే. కంచు విగ్రహాలు, గ్రహగతులను లెక్కించే పళ్ళచక్రాల యంత్రం అక్కడ బయటపడ్డాయి. 1901లో పని ఆగేనాటికి ఒక ఈతగాడు చనిపోయాడు, ఇద్దరు పక్షవాతంతో మిగిలారు. ఒత్తిడిలో ఎక్కువసేపు గాలి పీలిస్తే నత్రజని రక్తంలోను కణజాలంలోను కరుగుతుంది. త్వరగా పైకి వస్తే అది బుడగలుగా మారి వెన్నుపామును దెబ్బతీస్తుంది. ఊపిరి బిగబట్టి ఒకటి రెండు మార్లు దిగేవాడికి ఆ గండం దాదాపు లేదు, ఎందుకంటే అతను అడుగున కొత్త గాలి పీల్చడు.

1913లో కార్పథోస్ దీవి దగ్గర రెజీనా మార్గెరీతా అనే ఇటలీ యుద్ధనౌక లంగరు 70 మీటర్లకు మించిన లోతులో పోయింది. సిమి దీవివాడైన హాజీ స్టాటిస్ రాయి పట్టుకొని దిగి, లంగరుకు తాడు కట్టి వచ్చాడు. నౌకాదళ వైద్యులు అతన్ని పరీక్షించి రాసిన వివరాలు వైద్యచరిత్రలో ప్రసిద్ధం. మనిషి సన్నగా ఉన్నాడు. చెవులు దెబ్బతిని వినికిడి పోయింది. ఊపిరితిత్తులు వ్యాకోచించే జబ్బు లక్షణాలు ఉన్నాయి. అన్నిటినీ మించి, నేలమీద ఊపిరి బిగబట్టమంటే నిమిషం కూడా నిలపలేకపోయాడు. ప్రతిఫలంగా అతనికి దక్కినవి కొద్దిపాటి డబ్బు, డైనమైటుతో చేపలు పట్టుకొనే అనుమతి అని ప్రతీతి.

దేహం చేసే సర్దుబాటు

నేలమీద నిమిషం ఆగలేనివాడు 70 మీటర్లు దిగి ఎలా వచ్చాడు? నాటి వైద్యశాస్త్రానికి ఇది అంతుపట్టని ప్రశ్న. ప్రతి 10 మీటర్లకు ఒక వాతావరణం చొప్పున ఒత్తిడి పెరుగుతుంది. ఆరు లీటర్ల ఊపిరి 30 మీటర్ల దగ్గర లీటరున్నర అవుతుంది. అది గాలి పూర్తిగా వదిలాక కూడా ఊపిరితిత్తుల్లో మిగిలే పరిమాణం. ఇంకా దిగితే ఛాతీ నలిగిపోతుందని లెక్క చెప్పింది. 1949లో రైమోందో బూకెర్ కాప్రీ దగ్గర పందెం వేసి 30 మీటర్లు దిగినప్పుడు చావు తప్పదని హెచ్చరించినవారు అందుకే ఉన్నారు. అతను క్షేమంగా వచ్చాడు. 1968లో అమెరికా నౌకాదళానికి చెందిన రాబర్ట్ క్రాఫ్ట్ 73 మీటర్లు దిగాడు. అతని మీద జరిపిన కొలతల్లో కాళ్ళూచేతుల నుంచి ఒక లీటరు వరకు రక్తం ఛాతీలోకి చేరి, కుంచించిన గాలి ఖాళీని నింపుతున్నదని తేలింది. ముఖానికి చన్నీళ్ళు తగలగానే గుండె నెమ్మదించడం, చర్మపు రక్తనాళాలు ముడుచుకోవడం దీనికి తోడు. 1976లో ఎల్బా దగ్గర జాక్ మాయోల్ బరువైన బండి పట్టుకొని 100 మీటర్లు చేరాడు. ఆ బండి స్కండలోపెట్రాకు వారసురాలే.

అసలు అపాయం అడుగున కాదు, తిరుగుదారిలో ఉంది. ఊపిరితిత్తుల్లో ప్రాణవాయువు 5 శాతానికి పడిపోయినా, 30 మీటర్ల లోతున నాలుగు వాతావరణాల ఒత్తిడివల్ల దాని పాక్షిక పీడనం నేలమీది గాలిలో ఉన్నంత ఉంటుంది. మెదడుకు లోటు తెలియదు. పైకి వస్తున్నకొద్దీ అదే 5 శాతం నాలుగో వంతు అయిపోతుంది. చివరి పది మీటర్లలో, వెలుగు కనబడుతుండగా, స్పృహ పోతుంది. దిగేముందు గబగబా పదేపదే ఊపిరి తీస్తే మరీ ముప్పు. దానివల్ల ప్రాణవాయువు పెద్దగా పెరగదు. బొగ్గుపులుసు వాయువు తగ్గి, గాలి కావాలన్న తహతహ ఆలస్యంగా పుడుతుంది. ఆల్బర్ట్ క్రేగ్ అనే శాస్త్రజ్ఞుడు 1961లోనే దీన్ని వివరించాడు.

వస్తువు నుంచి చిత్రానికి

1893లో లూయీ బూటాఁ అనే ఫ్రెంచి జీవశాస్త్రజ్ఞుడు బాన్యూల్స్ తీరంలో నీటి అడుగున ఫోటోలు తీశాడు. 1942లో జాక్ కూస్తో, ఫిలిప్ తాయియే, ఫ్రెడెరిక్ డ్యూమా తమ తొలి చిత్రాన్ని గాలి సిలిండర్లు లేకుండా, ఊపిరి బిగబట్టే తీశారు. పద్దెనిమిది మీటర్ల లోతున అన్నది ఆ చిత్రం పేరుకు అర్థం. మరుసటి ఏడు శ్వాసయంత్రంతో తీసిన రెండో చిత్రానికి వస్తువు ఓడ శిథిలాలే. 1950ల తొలినాళ్ళలో దిమిత్రి రెబికాఫ్ టోర్పిల్ అనే నీటి స్కూటరును తయారుచేశాడు. కెమెరానూ దీపాలనూ మోయడం అది చేసిన ముఖ్యమైన పనులలో ఒకటి. అంటే స్కూటరూ కెమెరా మొదటినుంచీ జంటగా ఎదిగినవే.

ఈ మార్పుకు నైతికమైన విలువ కూడా ఉంది. స్కిల్లియాస్ పైకి తెచ్చినది ధనం, నేటి ఫ్రీడైవరు తెచ్చేది చిత్రం. నీటి అడుగున వందేళ్ళకు పైబడి ఉన్న వారసత్వాన్ని వీలైనంత వరకు ఉన్నచోటనే కాపాడాలని 2001 నాటి యునెస్కో ఒప్పందం కోరుతుంది. వయసు చాలని శిథిలాలకూ మరొక ధర్మం వర్తిస్తుంది, అవి సమాధులు. 1971 డిసెంబరులో విశాఖ తీరానికి దగ్గరగా మునిగిన పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ జాడను భారత నౌకాదళం గుర్తించినట్లు 2024లో వార్తలు వచ్చాయి. శత్రునౌకే అయినా, మృతులపట్ల గౌరవంతో దాన్ని కదిలించలేదని ఆ వార్తల సారాంశం.

కాపలాదారు లేని దారి

సైప్రస్‌లో లార్నకా దగ్గర 1980 జూన్‌లో మునిగిన స్వీడన్ ఓడ జెనోబియా ఎడమ పక్కకు ఒరిగి 42 మీటర్ల అడుగున ఉంది. దాని పైభాగం దాదాపు 16 మీటర్ల లోతునే తగులుతుంది. నూరుకు పైగా లారీలు సరకుతో సహా దానితోపాటు మునిగాయి. రోడియన్ న్యాయం మూడో వంతు ఇచ్చిన లోతు దగ్గర ఓడ మొదలవుతుంది. సగం ఇచ్చిన లోతు దాటినా ఇంకా ఉంటుంది. రెక్కలు తొడుక్కొని ఈదే ఫ్రీడైవరు ఒక్క ఊపిరిలో అంత పెద్ద ఓడలో ఒక మూలను మాత్రమే చూడగలడు. స్కూటరుతో ఈ కొసనుంచి ఆ కొసకు వెళ్ళవచ్చు, కాళ్ళ కండరాలు విశ్రాంతిగా ఉంటాయి, ఊపిరి మిగులుతుంది. దాని ఆకర్షణ అదే.

ముప్పు కూడా అక్కడే. ఈదేవాడి కాళ్ళలో పుట్టే బరువు, వెనక్కి మళ్ళమని దేహం చెప్పే మాట. స్కూటరు ఆ మాటను వినిపించనివ్వదు. అది వేగంగా దించుతుంది. చెవుల్లోని గాలి పరిమాణంలో మార్పు మొదటి పది మీటర్లలోనే అత్యధికం కనుక చెవులు సర్దుకోవడానికి వ్యవధి చాలదు, ముక్కు మూసి ఊదడానికి చెయ్యీ ఖాళీ ఉండదు. లోతున బ్యాటరీ మొరాయిస్తే మిగిలిన ఊపిరితో ఈది రావలసిన దూరం, ఈది వెళ్ళినప్పటికంటే ఎక్కువ. కెమెరా మరో విధంగా మోసం చేస్తుంది. చట్రం కుదరడానికి ఇంకొక్క క్షణం అడుగుతుంది, ఆ తరువాత ఇంకొకటి.

వీటన్నిటికంటే తక్కువమందికి తెలిసినది నత్రజని జబ్బు. 1965లో డెన్మార్క్ నౌకాదళ వైద్యుడు పౌలెవ్ 20 మీటర్ల శిక్షణ ట్యాంకులో గంటల తరబడి ఊపిరి బిగబట్టి పదేపదే దిగి, తనలోనే ఆ లక్షణాలను చూసి ప్రచురించాడు. టువామోటు దీవుల ముత్యాల ఈతగాళ్ళు దీన్ని తరవానా అంటారు. స్కూటరు సాయంతో లోతున చేపలు వేటాడే మెడిటరేనియన్ ఈతగాళ్ళలోనూ ఇవే లక్షణాలు వైద్య పత్రికలకెక్కాయి. కారణం సులభం. రాయి పట్టుకొని దిగినవాడూ రెక్కలతో ఈదినవాడూ అలసి, పైన కాసేపు ఆగేవారు. ఆ విరామంలో నత్రజని బయటికి పోయేది. స్కూటరు వాడేవాడు అలసిపోడు, ఆగడు. దేహం విధించని విరామాన్ని అతను గడియారం చూసి తనకుతానే విధించుకోవాలి. నిపుణులు చెప్పే జాగ్రత్తలన్నీ ఈ సూత్రం నుంచే వస్తాయి. నీటి పైభాగాన కళ్ళార్పకుండా చూసే తోడు ఉండాలి. మునిగిన సమయానికి కనీసం రెట్టింపు, లోతైన మునకలకు ఇంకా ఎక్కువ విరామం కావాలి. స్కూటరును వదిలేసినా సొంతంగా ఈది రాగలిగినంత దూరమే పోవాలి. తలపైన కప్పు ఉన్న గదుల్లోకి ఒక్క ఊపిరితో చొరబడకూడదు.

బానిస ఈతగాడు ఎప్పుడు పైకి రావాలో యజమాని నిర్ణయించాడు. హాజీ స్టాటిస్ విషయంలో తాడు పట్టుకున్న పడవవారు కొంత, అతని దేహం కొంత నిర్ణయించాయి. నేటి ఫ్రీడైవరు ఊపిరి పూర్తిగా అతని సొంతం, అలసట కూడా అతన్ని ఆపదు. మునిగిన ఓడ ఎన్నేళ్ళయినా అక్కడే ఉంటుంది. ఈ మునకలో చూడనిది మరో మునకలో చూడవచ్చు. ఎప్పుడు మళ్ళాలో నీటిలోకి దిగకముందే, పడవ మీద కూర్చొని నిశ్చింతగా గాలి పీలుస్తున్నప్పుడే, అతను నిర్ణయించుకోవాలి.