పొయ్యి ఎక్కని జామ్



జామ్ అనగానే పెద్ద గిన్నె, సెగ, అడుగంటకుండా గంటలకొద్దీ గరిటె తిప్పిన చెయ్యి గుర్తుకొస్తాయి. పొయ్యి వెలిగించకుండా జామ్ చేయవచ్చంటే మీరు నవ్వుతారేమో! నవ్వకండి. మీలో పళని కొండకు వెళ్లి వచ్చినవారు దాన్ని తినే ఉంటారు. అక్కడి పంచామృతం సరిగ్గా అటువంటిదే.

మన ఇళ్లలో, మన గుళ్లలో పంచామృతం అంటే పాలు, పెరుగు, నెయ్యి, తేనె, పంచదార. ఉద్ధరిణెతో పోస్తే జారిపోతుంది, సాయంత్రానికి పులుస్తుంది. పళనిలో సుబ్రహ్మణ్యస్వామి అభిషేకానికి వాడేదాంట్లో పాలూ లేవు, పెరుగూ లేదు. వాటి చోటును అరటిపండు తీసుకున్నది. అరటిపండు, బెల్లపు చక్కెర, ఆవునెయ్యి, తేనె, ఏలకులు. రుచికి ఖర్జూరం, కలకండ. చుక్క నీరు కలపరు, నిల్వకు మందులేవీ వేయరు. అందుకే అది వేలికి అంటుకునేటంత చిక్కగా ఉంటుంది. 2019లో దీనికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది.

మరి ఉడకనిది ఎట్లా నిలుస్తుంది? మన ఆవకాయను తలచుకోండి. అక్కడ ఉప్పు చేసే పనిని ఇక్కడ తీపి చేస్తుంది. పండులోని నీటిని చక్కెర తన దగ్గర కట్టిపడేస్తుంది. నీరు అందక సూక్ష్మజీవులు పెరగలేవు. మన దేశంలో 2011లో వచ్చిన ఆహార నిబంధనలు జామ్‌లో కరిగి ఉన్న ఘనపదార్థం నూటికి 65 పాళ్లకు తగ్గరాదన్నది ఊరికే కాదు. అందులో చాలా భాగం చక్కెరే. ఆ పాలు తగ్గిందా, ఈస్టు అనే పులియబెట్టే జీవి లేస్తుంది. ఒక వేసవిలో నేను “తీపి ఎక్కువైందిలే” అని చక్కెర సగానికి తగ్గించి మామిడిగుజ్జు సీసాకెత్తాను. నాలుగో రోజున మూత తీయబోతే బుస్సుమని పొంగి, చొక్కా అంతా పసుపు! కల్లు వాసన వేరే. మా ఇంట్లో ఆ మాట ఇప్పటికీ ఎత్తుతారు.

ఈ ఉపాయం చాలా పాతది. అపీసియస్ పేరుతో ప్రచారంలో ఉన్న రోమనుల వంట పుస్తకంలో అత్తి, ఆపిల్, పియర్, చెర్రీ పండ్లను తొడిమతో కోసి, ఒకదానికొకటి తగలకుండా తేనెలో ముంచి ఉంచమని ఉన్నది. వారికి చక్కెర లేదు. దాన్ని గట్టిగా పలుకులు కట్టించే విద్య గుప్తుల కాలానికి మన దేశంలో ఉన్నది. మన ‘ఖండ’ అన్న మాట పారశీకానికి పోయి ‘కంద్’ అయింది. అక్కడ ‘గుల్’ అంటే గులాబీ. ఆ రెంటినీ కలిపి, గులాబి రేకులనూ చక్కెరనూ పొరలు పొరలుగా జాడీకెత్తి వారాల తరబడి ఎండలో పెడితే అయ్యేదే గుల్కంద్. అదీ పొయ్యి ఎరగదు. మన ఆత్రేయపురం వైపు రసాన్ని చాపల మీద పోసి, పొర ఎండాక పొర వేసే మామిడితాండ్రకూ సూర్యుడే వంటవాడు.

పాశ్చాత్యుల దారి వేరు. జామ్‌ను గడ్డకట్టించేది పండులోని పెక్టిన్ అనే పదార్థమని 1825లో ఫ్రాన్సులో బ్రాకొనో తేల్చాడు. 1913లో అమెరికాలో ద్రవ పెక్టిన్‌కు పేటెంటు వచ్చింది. ఇళ్లలోకి ఫ్రీజర్లు వచ్చాక అక్కడి గృహిణులు కొత్త పద్ధతి పట్టారు. రెండు కప్పుల స్ట్రాబెర్రీ గుజ్జుకు నాలుగు కప్పుల చక్కెర కలిపి, పెక్టిన్ పొడిని మాత్రం నీళ్లలో ఒక్క నిమిషం మరిగించి అందులో పోస్తారు. పండు పొయ్యి ఎక్కదు, తాజా వాసన పోదు. అయితే దాన్ని చలిపెట్టెలో మూడు వారాలు, ఫ్రీజర్‌లో ఏడాది వరకే ఉంచాలి. సెగ తగలలేదు గనుక క్రిములు చావలేదన్న సంగతి మరువరాదు. అరటిలో పులుపు తక్కువ, కాబట్టి ఇంట్లో ఉడకకుండా చేసుకునే అరటి జామ్‌కు నిమ్మరసం పిండి, చలిపెట్టెలో పెట్టి, మూడు నాలుగు రోజుల్లో తినేయడం మేలు.

ఇక అసలు చెప్పదలచుకున్న మాట. పళని పంచామృతానికి ఏ అరటైనా పనికిరాదు. పళని కొండల దిగువ వాలుల్లో కాఫీ తోటల నడుమ, వానాధారాన పెరిగే విరూపాక్షి అనే కొండ అరటి కావాలి. దాని పండులో నీరు తక్కువ, కండ గట్టి. అందుకే నీరు వదలదు. అటువంటి పంటకు వెర్రితల తెగులు తగిలింది. 1940 ప్రాంతంలో సింహళం నుంచి కేరళలో అడుగుపెట్టిన ఈ వైరస్ 1970ల నాటికి ఆ కొండలెక్కింది. సుమారు 18,000 హెక్టార్ల తోట 2,000 హెక్టార్లకు పడిపోయిందని లెక్క. దేవుడున్నాడు, భక్తులున్నారు, బెల్లం ఉన్నది, పండు కరువైంది. రైతు ఏం చేశాడు? పక్క తోటలో పిలకలు తెచ్చి మళ్లీ నాటాడు. ఆ పిలకలతోపాటే తెగులూ వచ్చింది! తప్పు రైతుది అనను. పిలకను పైకి చూసి రోగం కనిపెట్టడం తేలిక కాదు. తరువాత తమిళనాడు వ్యవసాయ విశ్వవిద్యాలయంవారు వైరస్ లేని మొక్కలను కణజాల వర్ధనంతో పెంచి రైతులకిచ్చాక కొండ అరటి మెల్లగా కోలుకోసాగింది.

మన అరటి తోటల్లోనూ ఈ తెగులు పొంచి ఉంటుంది. ఆకులు సన్నబడి, నిటారుగా గుత్తిలా తలలో గుమిగూడుతాయి. ఆకు కాడ మీద ముదురు పచ్చని చుక్కలూ గీతలూ కనిపిస్తాయి. తగిలిన మొక్కకు మందు లేదు. తెగులును మోసేది పేనుబంక. కనుక మొదట మొక్క మీది పేనుబంకను మందు కొట్టి చంపండి, ఆ తరువాతే దుంపతో సహా తవ్వి నాశనం చేయండి. ముందే నరికితే ఆ పురుగు పక్క మొక్కకు పోతుంది.