ఇమాక్యులేట్ రిసెప్షన్

అమెరికన్ ఫుట్‌బాల్ చరిత్రలో పేరుమోసిన క్యాచ్. 1972 డిసెంబర్ 23న పిట్స్‌బర్గ్‌లోని త్రీ రివర్స్ స్టేడియంలో పిట్స్‌బర్గ్ స్టీలర్స్, ఓక్లాండ్ రైడర్స్ జట్ల మధ్య జరిగిన ఎన్‌ఎఫ్‌ఎల్ ప్లేఆఫ్ మ్యాచ్‌లో నమోదైంది.

ఆట ముగియడానికి 22 సెకన్లే మిగిలాయి. స్టీలర్స్ 6-7తో వెనకబడి ఉంది. క్వార్టర్‌బ్యాక్ టెర్రీ బ్రాడ్‌షా పాస్ విసిరాడు. దాన్ని అందుకోబోయిన ఫ్రెంచీ ఫుకాను రైడర్స్ ఆటగాడు జాక్ టేటమ్ ఢీకొనడంతో బంతి వెనక్కి ఎగిరింది. నేలను తాకబోతున్న ఆ బంతిని తొలి సీజన్ ఆడుతున్న ఫ్రాంకో హారిస్ కాళ్ల దగ్గర ఒడిసిపట్టి, ఎడమ గీత వెంట పరుగెత్తి టచ్‌డౌన్ చేశాడు. స్టీలర్స్ 13-7తో గెలిచింది.

వివాదం: దాడి చేసే జట్టులో ఒకరికి తగిలిన పాస్‌ను, మధ్యలో ప్రత్యర్థి తాకకుంటే, అదే జట్టులో మరొకరు పట్టకూడదన్నది నాటి నియమం. బంతి టేటమ్‌కు తగల్లేదని రైడర్స్ వర్గం వాదించింది. ఆ నియమాన్ని 1978లో ఎత్తివేశారు.

హారిస్ నాలుగు సూపర్ బౌల్ విజయాల్లో పాలుపంచుకున్నాడు. 1990లో హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేరాడు. క్యాచ్‌కు 50 ఏళ్లు నిండే ముందు, 2022 డిసెంబర్ 20న మరణించాడు. నాలుగు రోజులకు స్టీలర్స్ అతని 32వ నంబరు జెర్సీని ఇక ఎవరికీ ఇవ్వకుండా పక్కన పెట్టింది.