స్ఫాలోప్లానా: ఊట పోయాక పురుగు సంగతి

స్ఫాలోప్లానా అమెరికాలోని గుహల్లో, బావుల్లో, ఊటల్లో కనిపించే బల్లపరుపు పురుగుల ప్రజాతి. దీనికి కళ్లుండవు, ఒంట్లో రంగూ ఉండదు. నీళ్లలో నానిన అటుకులా తెల్లగా, పలుచగా ఉంటుంది. తల అంచున ఉండే అతుక్కునే భాగంతో ఎరను పట్టుకుంటుంది. కెంటకీలోని మామత్ గుహలో దొరికిన జాతిని 1879లో ఆల్ఫియస్ ప్యాకర్డ్ వర్ణించడంతో దీని చరిత్ర మొదలైంది. ప్రజాతికి ఈ పేరు 1931లో డి బోషాన్ పెట్టాడు. 1937లో లిబీ హైమన్ దీని కుటుంబానికి రోమన్ కెంక్ పేరు మీద కెంకియిడే అని పేరు పెట్టింది. ల్యూబ్లియానాలో పుట్టి అమెరికాలో స్థిరపడిన ఆ కెంకే 1977లో ఈ ప్రజాతి మొత్తాన్ని సమీక్షించాడు. వర్జీనియాకు చెందిన హోల్సింగెరి, సబ్‌టిలిస్ అనే జాతులు అప్పుడే గ్రంథస్థమయ్యాయి.

ఇలాంటి జాతుల్లో కొన్నింటికి పుస్తకాల్లో ఉన్న చిరునామా ఒకే ఒక్క ఊట. ఆ ఊట మాయమైతే పురుగు ‘బహుశా అంతరించింది’ అని రాస్తారు. ఇందులో ‘బహుశా’ అన్న మాట మొహమాటానికి వాడింది కాదు, లెక్క ప్రకారం వాడినదే. ఊట ఈ పురుగుకు ఇల్లు కాదు, గుమ్మం. దాని కాపురమంతా మట్టి సందుల్లో, రాతి పగుళ్లలో ఉన్న నీటిలోనే. మన చేతికి చిక్కేది నీటి ఉరవడికి గుమ్మందాకా కొట్టుకొచ్చిన ఒకటి రెండు మాత్రమే. చిక్కినా పని అయిపోదు. ఆల్కహాల్‌లో వేయగానే ముడుచుకుపోయి రూపం చెడుతుంది. జాతి తేల్చాలంటే ఎదిగిన పురుగు కావాలి, దాని జననాంగాలను పలుచని పొరలుగా కోసి సూక్ష్మదర్శిని కింద చూడాలి. పిల్ల పురుగు దొరికితే దొరకనట్టే. కాబట్టి ‘వెతికాం, లేదు’ అన్న మాటకు ఇక్కడ బలం తక్కువ.

గుమ్మం మూసుకుపోతే ఇల్లు పోదు కదా, లోపల నీరున్నంతకాలం పురుగూ ఉంటుందిగా అని ఎవరైనా అనవచ్చు. లోతైన సున్నపురాతి గుహల విషయంలో ఈ వాదన చాలావరకు నిలుస్తుంది. అన్ని ఊటలూ అలాంటివి కావు. వాషింగ్టన్ నగర పరిసరాల్లోని అడవి వాలుల్లో నల్లబడిన ఆకులు అట్టలు కట్టి, వాటి కింద చెమ్మ చెమ్మగా నీరు ఊరే చెలమలుంటాయి. ఆకును లేపితే కింద బెత్తెడు నీరు, దాని అడుగున నీరు దిగని బంకమట్టి. 1962లో మిలాన్ మెష్ట్రోవ్ ఇలాంటి తావులకు ‘హైపోటెల్మినోరీక్’ అని నోరు తిరగని పేరు పెట్టాడు. ఒక్కో చెలమకు నీరందించే నేల హెక్టారు కూడా ఉండదు. అక్కడ ఒక పునాది తవ్వినా, ఒక కాలువ మళ్లించినా గుమ్మంతోపాటు ఇల్లూ పోతుంది. భూగర్భ జలం అనగానే అడుగులేని లోతును ఊహించుకుని ధైర్యపడటం ఇలాంటి చోట పనికిరాదు.

అలాగైతే అంతరించిందనే రాసేయొచ్చుగా అనేది రెండో అభ్యంతరం. దీనికి జవాబు టాస్మేనియాలో ఉంది. అక్కడి పెడ్డర్ సరస్సు 1972లో జలవిద్యుత్ ఆనకట్టల వల్ల మునిగిపోయింది. ఆ సరస్సులోని ప్లనేరియా అనే బల్లపరుపు పురుగును 1974లో ఇయాన్ బాల్ వర్ణించి, ప్రజాతికి రోమన్‌కెంకియస్ అని కెంక్ పేరే పెట్టాడు. తరువాత అది అంతరించిన వాటి జాబితాకెక్కింది, ఆ తరువాత అదే సరస్సు నీళ్లలో మళ్లీ దొరికింది. అది భూగర్భ జీవి కాదు కాబట్టి పోలిక పూర్తిగా కుదరదు. అయినా వెలుతురున్న నీటిలోని పురుగు విషయంలోనే తీర్పు తారుమారైతే, చీకటి నీటి పురుగు మీద ఇంకెంత ఆచితూచి మాట్లాడాలి? ఊట పోయిందా అని కాక, దానికి నీరందించిన నేల ఇంకా నీటిని పీల్చుకుంటోందా అని అడగాలి. పీల్చుకుంటుంటే చుట్టుపక్కల బావుల్లో, చెలమల్లో మాంసం ముక్క ఎరగా వేసి వెతకాలి. ఆ నేలంతా సిమెంటు కింద పోయి ఉంటే ‘బహుశా’ను తీసేయడానికి నేను అడ్డుచెప్పను. తారుమారు కాని తీర్పులూ ఉంటాయి. అదే పెడ్డర్ ఒడ్డున 1971లో ఒకే ఒక్క వానపాము దొరికింది. దాన్నీ కొత్త జాతిగా వర్ణించారు, తరువాత వెతికారు. ప్లనేరియాలా అది తిరిగి రాలేదు.