తుపాకి నుంచి దుర్భిణికి: సోనారి నదీతీరాన కొన్ని చారిత్రక గమనికలు

ఖర్కాయి నది సువర్ణరేఖలో కలిసే చోటును స్థానికులు దోముహాని అంటారు. జంషెడ్‌పూర్ నగరంలోని సోనారి ప్రాంతానికి అదే ఎల్ల. ఇరవయ్యో శతాబ్దపు తొలి దశకంలో ఉక్కు కర్మాగారం కోసం ఈ స్థలాన్ని ఎంపిక చేయడానికి కాళీమాటి రైల్వే స్టేషన్ సమీపంలో ఉండడంతోపాటు ఈ రెండు నదుల నీరు కూడా ముఖ్య కారణం. ఆ నీటికోసమే శీతాకాలంలో పక్షులు కూడా వస్తాయి. ఇసుక తిన్నెలపై కొంగలు, రాళ్లమీద రెక్కలారబెట్టుకొనే నీటికాకులు, ఒడ్డున లకుముకి పిట్టలు కనిపిస్తాయి. తెల్లవారుజామున మెడలో దుర్భిణి వేసుకొని ఇక్కడికి వచ్చేవారు కొద్దిమందే అయినా ఉన్నారు. ఆ దుర్భిణులలో చాలావరకు ఒకరి చేతి నుంచి మరొకరి చేతికి వచ్చినవే. కొత్తది కొనే స్తోమత లేనివారు నన్ను తరచుగా అడిగే ప్రశ్న ఒకటుంది: పాతవాటిలో మంచిదేదో తెలుసుకోవడం ఎలా? చరిత్ర చదువుకున్నవాడిని గనుక నేను ఆ ప్రశ్నకు చరిత్ర నుంచే సమాధానం వెదకవలసి వచ్చింది.

ఈ ప్రాంతపు పక్షులను శాస్త్రీయంగా నమోదు చేసిన తొలివారిలో శామ్యూల్ టికెల్ ఒకరు. 1811లో కటక్‌లో జన్మించి, ఈస్టిండియా కంపెనీ బెంగాల్ సైన్యంలో అధికారిగా పనిచేసిన ఆయన, బోరాభూమ్, ధాల్‌భూమ్ అడవులలో సేకరించిన పక్షుల పట్టికను 1833లో ఆసియాటిక్ సొసైటీ పత్రికలో ప్రకటించారు. నేటి జంషెడ్‌పూర్ ఆనాటి ధాల్‌భూమ్‌లోని భాగమే. నేటికీ ఆయన పేరుతోనే చెలామణి అవుతున్న టికెల్స్ థ్రష్‌కూ, అడవి పగిడిగంట అనదగిన చిన్న గుడ్లగూబ జంగిల్ ఔలెట్‌కూ శాస్త్రీయ నామకరణం జరిగింది ఆ పట్టికలోనే. ‘సేకరించిన’ అన్న మాటను పాఠకులు గమనించాలి. ఆ కాలంలో పక్షిని చూడడమంటే కాల్చడమే. చేతిలో చర్మం లేనిదే సాక్ష్యం లేదు. 1874లో ఛోటా నాగపూర్ పక్షులపై విస్తృతమైన వ్యాసం ప్రచురించిన భూగర్భ శాస్త్రవేత్త వాలెంటైన్ బాల్ కాలానికీ, నెల్లూరులో వైద్యాధికారిగా పనిచేస్తూ పక్షుల తెలుగు పేర్లను శ్రద్ధతో సేకరించిన జెర్డాన్ కాలానికీ ఇదే పద్ధతి. 1931–32లో హైదరాబాద్ సంస్థానపు పక్షుల సర్వే చేసిన సాలిం అలీ సైతం తుపాకిని విడిచిపెట్టలేదు. టికెల్ జీవిత చరమాంకంలో నేత్రవ్యాధితో క్రమంగా చూపు కోల్పోయారన్నది ఈ సందర్భంలో తలచుకోకుండా ఉండలేని విషయం.

తుపాకి స్థానాన్ని దుర్భిణి ఆక్రమించడానికి రెండు పరిణామాలు తోడ్పడ్డాయి. ఒకటి పుస్తకం. 1941లో వెలువడిన సాలిం అలీ భారతీయ పక్షుల గ్రంథం, ప్రాణంతో ఉన్న పక్షికి పేరు పెట్టే శక్తిని సామాన్య పాఠకుడికి ఇచ్చింది. రెండవది పరికరం. ఇటలీ దేశస్థుడైన ఇగ్నాజియో పోరో 1854లోనే పట్టకాలతో తలకిందుల బింబాన్ని నిలబెట్టే పద్ధతికి పేటెంటు పొందినా, తగిన నాణ్యతగల గాజు లభించక అది వాడుకలోకి రాలేదు. ఎర్నెస్ట్ అబ్బే మార్గదర్శకత్వంలో యేనా నగరంలోని కార్ల్ జైస్ సంస్థ 1894లో పట్టకాల దుర్భిణిని విపణిలోకి తెచ్చింది. 1935లో అదే సంస్థలోని అలెగ్జాండర్ స్మకులా కటకాలపై పలుచని పూత వేసి పరావర్తనాన్ని తగ్గించే విధానం కనుగొన్నారు. పూత లేని గాజు తలం ఒక్కొక్కటి నాలుగైదు శాతం కాంతిని వెనక్కు పంపుతుంది. పది తలాలు దాటేసరికి మూడోవంతు కాంతి కంటికి చేరదు. అందుచేత పాత దుర్భిణి ఏ సంవత్సరానిదో తెలుసుకోవడం కుతూహలం మాత్రమే కాదు, అవసరం కూడా. దీపం కింద కటకాన్ని వంచి చూస్తే పూత ఉన్నచోట నీలం లేదా ఊదా ఛాయ కనిపిస్తుంది. తెల్లటి దీపబింబమే తిరిగి కనిపిస్తే అక్కడ పూత లేదని గ్రహించాలి.

తూర్పు భారతంలోని పాత దుర్భిణులలో సైనిక మూలం గలవి తారసపడడం సహజమే. రెండవ ప్రపంచ యుద్ధకాలంలో ఇదే సింగ్‌భూమ్‌లోని చాకులియా విమానాశ్రయం నుంచి 1944లో అమెరికా బి-29 బాంబర్లు ఎగిరాయి. దేహంపై బాణపు ములికి గుర్తు ఉంటే అది బ్రిటిష్ సైనిక సామగ్రి. ‘బి.ఎల్.సి.’ అనే మూడు చిన్న ఆంగ్లాక్షరాలుంటే అది యుద్ధకాలంలో యేనాలో తయారైన జైస్; పేరు దాచడానికి వాడిన సంకేతమది. ఇటువంటివి చూడగానే కొనబుద్ధి అవుతుంది. అయితే పక్షుల కోసం వీటిని కొనవద్దనే నా సలహా. వీటిలో అనేకం రెండు అక్షికటకాలనూ విడివిడిగా సర్దుకోవలసినవి. ఓడను చూడడానికి అది చాలు. కొమ్మ మారే పిట్ట అంతసేపు ఆగదు. మధ్యనున్న చక్రంతో రెండు కళ్లకూ ఒకేసారి సర్దుబాటయ్యేది కావాలి.

జర్మనీ విభజన తర్వాత తూర్పు భాగంలోని యేనా కర్మాగారంలో తయారైన 8×30 జెనోప్టెమ్‌ను నా ఉద్దేశంలో మొదట వెదకాలి. ఇందులో ఎనిమిది అన్నది వృద్ధి, ముప్ఫై అన్నది ముందు కటకపు వ్యాసం, మిల్లీమీటర్లలో. వెయ్యి మీటర్ల దూరంలో దాదాపు 150 మీటర్ల వెడల్పు కనిపిస్తుంది; ఎగిరే పక్షిని పట్టుకోవడానికి ఈ వెడల్పే ఆధారం. కళ్లజోడు ధరించేవారికి మాత్రం అది సుఖమివ్వదు. సోవియట్ రష్యా 8×30లు దృఢమైనవే గాని దృశ్యానికి కొంత పసుపు వన్నె అంటిస్తాయి. ఇరవై, ముప్ఫై రెట్లని ఘనంగా ముద్రించి, ఎర్రని పూతతో మెరిసేవాటిని చేతితో కూడా తాకనవసరం లేదు.

ఏదైనా సరే, కొనేముందు దాన్ని తిరగేసి ముందు కటకం వైపు నుంచి వెలుతురులోకి చూడాలి. మన వర్షాకాలపు తేమలో లోపల బూజు సాలెగూడులా అల్లుకుంటుంది. అది గాజును తినివేసిన తర్వాత తుడిచినా మచ్చ పోదు. చేయి చాచి అక్షికటకంలో కనిపించే వెలుగు బిళ్ల గుండ్రంగా ఉందో, అంచులు కోసినట్టుందో చూడాలి. ఆఖరుగా దూరపు స్తంభం వైపు కొన్ని నిమిషాలు చూడాలి. కళ్లు లాగినా, దుర్భిణి దించిన వెంటనే స్తంభం క్షణంపాటు రెండుగా కనిపించినా, ఎప్పుడో కిందపడి దాని పట్టకాలు కదిలాయన్నమాట. కన్ను ఆ లోపాన్ని సర్దుకోవాలని ప్రయత్నిస్తుంది, తలనొప్పి వస్తుంది. అంతకన్నా హాని, యజమానికి తన దుర్భిణి బాగానే ఉందన్న నమ్మకం కలుగుతుంది.

ఈ హాని నాకు స్వానుభవం. పరీక్షించకుండా కొన్న ఒక దుర్భిణితో, ఒక మార్చి ఉదయాన దోముహాని వద్ద సూర్యునికి ఎదురుగా నిలిచి, నీటిమీద తిరుగుతున్న రెండు టెర్న్ పక్షులను చూశాను. పొట్టలు నల్లగా కనిపించాయి. నల్లపొట్ట టెర్న్ అంతరించే ప్రమాదమున్న జాతిగా అంతర్జాతీయ పట్టికలో ఉన్నది. సంతోషంతో చేతిపుస్తకంలో రాసుకున్నాను. ఆ రాత్రి బల్బు కింద చూస్తే లోపలి కటకాలపై తెల్లని పొర. అటువంటి గాజులోంచి, ఎదురెండలో, ప్రతి టెర్న్ పొట్టా నల్లగానే కనిపిస్తుంది. మర్నాడు ఎండ వెన్నుకు పెట్టుకొని, మరొకరి దుర్భిణి అడిగి తీసుకొని అక్కడే నిలబడ్డాను. వచ్చినవి రెండూ నల్లని నెత్తి, పసుపు ముక్కు, తేటైన బూడిద తెలుపు పొట్ట గల మామూలు నదీ టెర్న్‌లు.

టికెల్ వదిలిన పక్షి చర్మాన్ని నూటతొంభై ఏళ్ల తర్వాతనైనా మరొకరు పరిశీలించవచ్చు. నేను చూసిన చూపును ఎవరూ పరిశీలించలేరు. కడప జిల్లా సిద్ధవటం ప్రాంతంలో 1986లో కలివికోడి తిరిగి బయటపడినప్పుడు, 1900 తర్వాత ఎనభై ఏళ్లకు పైగా దాని జాడే లేదన్న మాట అందరూ నమ్మగలిగారంటే, అంతకాలం ఎవరూ తొందరపడి చూశామని రాయకపోవడమే కారణం. చేతిపుస్తకంలో ఆ మార్చి పద్దును నేను చెరిపివేయలేదు. చదవడానికి వీలుగా ఒక్క గీత మాత్రం గీసి, పక్కన ‘కటకంలో మసక’ అని రాసి, తేదీ వేశాను.