నేల ఉసిరి చేదు

నల్లమల కొండల అంచున నున్న వెలుగోడు చుట్టుపట్ల వానలు పడిన పిమ్మట చేలగట్ల మీదను, బాటల ప్రక్కలను నేల ఉసిరి మొలచును. జానెడు మొదలు మూరెడు వరకు పెరుగు ఈ మొక్క ఆకులు ఉసిరి ఆకులవలె నుండును. వాని క్రిందివైపున చిన్న కాయలు వరుసగా వ్రేలాడును. నమలిన చేదు. పచ్చకామెర్లకు ఈ ఆకును నూరి మజ్జిగలో ఇచ్చు అలవాటు తెలుగునాట చిరకాలముగా నున్నది. ఆ చేదు ఏ పదార్థము వలన కలుగుచున్నది? ఆ పదార్థమే రోగమును కుదుర్చుచున్నదా? ఇవి రెండు వేరు ప్రశ్నలు. మొదటిదానిపై ఆంధ్ర విశ్వవిద్యాలయ రసాయన శాస్త్రజ్ఞులు ఇరువది యేండ్లు శ్రమించిరి.

మాంచెస్టరులో రాబర్ట్ రాబిన్సన్ వద్ద పరిశోధన చేసిన టి. ఆర్. శేషాద్రిగారు 1933లో ఆ విశ్వవిద్యాలయమున చేరి, 1949 వరకు అచట వృక్ష రసాయనములను పరిశోధించిరి. 1946లో ఆయనయు, జి. వి. కృష్ణమూర్తిగారును నేల ఉసిరి చేదు పదార్థమును గూర్చి ఒక వ్యాసము ప్రకటించిరి. దాని పేరు ఫిల్లాంథిన్. ఇది మొక్క శాస్త్రనామమైన ఫిల్లాంథస్ నుండి వచ్చినది. గ్రీకు భాషలో ఫిల్లాన్ అనగా ఆకు, ఆంథోస్ అనగా పువ్వు.

ఆకునుండి ఇట్టి పదార్థమును వేరుచేయు విధానము ఎట్లుండును? ఆకులను నీడన ఎండించి పొడిచేసి, హెక్సేను వంటి ద్రావణిలో నానవేయుదురు. నూనె స్వభావము గల పదార్థములు అందు కరగును. చక్కెరలు, లవణములు పిప్పిలోనే నిలిచిపోవును. ద్రావణిని ఆవిరిచేయగా మిగులు జిగట ముద్దలో పత్రహరితము, మైనము, చేదు అన్నియు కలిసియుండును. దానిని అల్యూమినా గాని సిలికా గాని నింపిన గాజుగొట్టము పైన పోసి, క్రొత్త ద్రావణితో మెల్లగా కడిగినచో ఒక్కొక్క పదార్థము ఒక్కొక్క వేగముతో దిగివచ్చును. వానిని వేరువేరుగా పట్టి స్ఫటికములుగా చేయుదురు.

స్ఫటికము చేతికి వచ్చినంతనే పని ముగియదు. అణువులో పరమాణువులు ఎట్లు అమరియున్నవో తెలియవలెను. ఎల్. రామచంద్రరావుగారును, సహచరులును 1964, 1966 సంవత్సరములలో ఫిల్లాంథిన్ నిర్మాణమును ప్రకటించిరి. దాని సూత్రములో 24 కర్బన, 34 ఉదజని, 6 ఆమ్లజని పరమాణువులు కలవు. ఆరు కర్బనముల వలయమునకు మూడు కర్బనముల తోక గల భాగములు రెండు జతకూడగా 18 అగును. మిగిలిన 6 కర్బనములును, 6 ఆమ్లజనులును ఆరు మిథాక్సిల్ సమూహములలో నున్నవి. ఇట్టి జంట అణువులను లిగ్నానులందురు. దీనితోపాటు దొరకు హైపోఫిల్లాంథిన్ కూడ లిగ్నానే. కాని అది చేదు కాదు.

ఇక రెండవ ప్రశ్న. 1988లో మద్రాసు పరిశోధకులు లాన్సెట్ పత్రికలో ఒక ఫలితమును ప్రకటించిరి. హెపటైటిస్-బి క్రిమి శరీరమున నిలిచియున్న వారికి నేల ఉసిరి పొడిని 30 దినములు ఇచ్చిరి. పిమ్మట 37 మందిలో 22 మంది రక్తమున ఆ క్రిమి గుర్తు కనబడలేదు. ఉత్త పొడి తీసికొన్న 23 మందిలో ఒక్కరికే అట్లు జరిగెను. లోకమంతయు ఆశపడెను. కాని తరువాత ఇతరచోట్ల జరిగిన పరీక్షలు ఈ ఫలితమును బలపరుపలేదు. పైగా అచట ఇచ్చినది మొక్క పొడియే గాని శుద్ధ ఫిల్లాంథిన్ కాదు.

చిక్కు మరియొకటి కలదు. మన దేశమున ఫిల్లాంథస్ నిరూరి అని చిరకాలము వ్రాయుచు వచ్చిన మొక్క ఒక్కటి కాదనియు, అమారస్, ఫ్రాటర్నస్, డెబిలిస్ అను మూడు జాతులు ఆ పేరున కలిసిపోయినవనియు 1985లో వృక్షశాస్త్రజ్ఞులు చూపిరి. చూపునకు ఒకే తీరుగ నుండు ఈ జాతులలో ఫిల్లాంథిన్ సమృద్ధిగా నుండునది అమారస్. ఒకచోటి మందు మరియొకచోట పనిచేయనప్పుడు, రెండుచోట్లను వాడినది ఒకే మొక్కయా అని మొదట అడుగవలెను.

కావున ఆకును పరీక్షించువారు మొదట చేయవలసిన పని గాజుగొట్టముతో కాదు. పువ్వులు, కాయలు గల కొమ్మ నొకదానిని కాగితముల నడుమ నొక్కి ఎండించి, దొరికిన చోటును, తేదీని వ్రాసి భద్రపరుపవలెను. వెలుగోడు బడిపిల్లలు కూడ చేయగల పని యిది. ఆ కొమ్మ లేనిదే సీసాలోని స్ఫటికము ఏ మొక్కదో ఎవరును సరిచూడజాలరు.